వరంగల్, రామప్ప గుళ్లు చూడటానికి గైడ్ ఉన్న ప్యాకేజీ టూర్ తీసుకోవచ్చా?

సౌమ్య_మల్కాజిగిరి

అందరికీ నమస్తే. డిసెంబర్ చివర్లో మా ఆడపడుచు వాళ్లు న్యూజెర్సీ నుంచి వస్తున్నారు. ఇద్దరు పిల్లలు. బాబుకి పద్నాలుగు, పాపకి తొమ్మిది. పిల్లలకి మన పాత గుళ్లు చూపించాలని, పక్కన తెలిసినవాళ్లెవరైనా ఉండి వివరంగా చెబితే బాగుంటుందని వాళ్ల కోరిక. మా అత్తయ్య కూడా వస్తానంటున్నారు. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు.

ఒక టూర్ ఏజెన్సీ వాళ్లు వాట్సాప్‌లో ప్లాన్ పంపారు. పొద్దున 6కి సికింద్రాబాద్‌లో బస్సు. భువనగిరి కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి, వరంగల్ కోట, భోజనం, రామప్ప, లక్నవరం చెరువు, రాత్రి 10కి మళ్లీ సికింద్రాబాద్. గైడ్ ఉంటాడట. "కల్చరల్ టూర్" అని పేరు పెట్టారు. ఇది తీసుకోవచ్చా? లేక కారు మాట్లాడుకుని వెళ్లి అక్కడే గైడ్‌ని పెట్టుకోమంటారా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కూకట్‌పల్లి_కిరణ్

ప్యాకేజే బెస్ట్ అండి. డ్రైవింగ్ టెన్షన్ లేదు, పార్కింగ్ టెన్షన్ లేదు. బస్సెక్కి కూర్చోవడమే.

రాతిపిచ్చి

సౌమ్య గారూ, ఆ ప్లాన్ రాసినవాళ్లు ఆ దారిలో ఒక్కసారైనా వెళ్లారా అని నా అనుమానం. హైదరాబాద్ నుంచి హన్మకొండ దాదాపు 145 కిలోమీటర్లు. మధ్యలో టిఫిన్‌కి ఆగితే మూడు గంటలు పైనే. అక్కడి నుంచి రామప్ప ఉన్న పాలంపేట ఇంకో 65, 70 కిలోమీటర్లు, అంటే గంటన్నర. తిరుగు ప్రయాణం మొత్తం కలిపి ఐదు గంటలు. మీకున్న పదహారు గంటల్లో తొమ్మిదీ పదీ బస్సులోనే పోతాయి. మిగిలిన ఆరు గంటల్లో రెండు పూటలా తినాలి, ఏడుగురికీ బాత్రూములు, ఆ పైన ఆరు చోట్లు. భువనగిరి కోట ఒక్కటే ఎక్కి దిగాలంటే గంటన్నర పడుతుంది. అది ఒకే పెద్ద బండ, నీడ ఉండదు. మీ అత్తయ్య గారు కింద బస్సులో కూర్చోవలసిందే.

నా మాట వింటే భువనగిరి, లక్నవరం కొట్టేయండి. కారులో వెళ్లి రాత్రికి హన్మకొండలో ఉండండి. మొదటి రోజు మధ్యాహ్నం నుంచి వేయిస్తంభాలు, భద్రకాళి, సాయంత్రం ఎండ తగ్గాక కోట. మర్నాడు పొద్దున్నే రామప్ప. ఒక్క రామప్పకే రెండు గంటలు ఉంచుకోండి.

ఎందుకు రెండు గంటలంటే, ఆ గుడిని లోపలికెళ్లి దండం పెట్టుకుని వచ్చేస్తే సగం కూడా చూసినట్టు కాదు. బయట చూరు కింద, మూడు ద్వారాల దగ్గరా పన్నెండు మదనికలు (అందగత్తెల నిలువు శిల్పాలు) ఉంటాయి. గుడిలో ఎక్కువ భాగం ఎర్ర ఇసుకరాయి, ఈ బొమ్మలు మాత్రం నిగనిగలాడే నల్లరాయి. తల బాగా పైకెత్తి చూస్తే గానీ కనపడవు. ఒకామె కాలికి ఎత్తు మడమ చెప్పుల్లాంటివి ఉంటాయి. ఇంకొకామె ఒంటి చుట్టూ పాము. మీ పాపకి "ఆ చెప్పులేసుకున్న ఆవిడ ఎక్కడుందో కనిపెట్టు" అని చెప్పి వదిలేయండి, అరగంట మీ జోలికి రాదు.

నల్లకుంట_శారద

కిరణ్ గారూ, బస్సెక్కి కూర్చోవడమే అన్నారు, నిజమే, కూర్చోవడమే అవుతుంది. పోయిన ఏడాది అలాంటి టూర్‌లోనే వెళ్లాం (పేరు చెప్పను). గైడ్ బస్సులో మైకు పట్టుకుని ఘట్‌కేసర్ దాటకముందే కాకతీయుల చరిత్ర అంతా చెప్పేశాడు. అప్పటికి సగం మంది నిద్రలో ఉన్నారు. తీరా గుడి దగ్గర దిగాక "ఇరవై ఐదు నిమిషాలు టైమ్, ఫొటోలు దిగి వచ్చేయండి" అని తను చాయ్ దగ్గరికి వెళ్లిపోయాడు. స్తంభం ముందు నిలబడి చెప్పవలసిన మాట బస్సులో చెబితే ఏం లాభం?

దీనికి తోడు వచ్చేటప్పుడు దారిలో ఒక హస్తకళల షాపు దగ్గర ముప్పావు గంట ఆపారు. పెంబర్తి ఇత్తడి పని చాలా బాగుంటుంది, కాదనను, రేకు మీద ఉలితో కొట్టి తీసే నగిషీ చూసి తీరాలి. కానీ ఆ షాపులో పని చేసేవాడెవడూ లేడు, అమ్మేవాళ్లే ఉన్నారు. గుడికి ఇరవై ఐదు నిమిషాలు, షాపుకి నలభై ఐదు!

కూకట్‌పల్లి_కిరణ్

శారద గారూ 😀 ఆ షాపు మాకూ తగిలింది.

డెవాప్స్_దిలీప్

గైడ్ అవసరమా అసలు? రామప్ప గురించి యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి. నీళ్లలో తేలే ఇటుకలు, ఇసుక మీద పునాది, సూది దూరే చెక్కడం. టీనేజ్ కుర్రాడికి ఆ ఇంజనీరింగ్ చెబితే చాలు, ఫ్లాట్ అయిపోతాడు.

చరిత్ర_మాస్టారు

దిలీప్ గారూ, మీరు చెప్పిన మూడూ నిజమే. అయితే వాటిని ఎంతవరకు చెప్పాలో అంతవరకే చెబితే బాగుంటుంది. రిటైరైన టీచర్‌ని, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

శిఖరంలో వాడిన ఇటుక సాంద్రత నీటి కన్నా తక్కువ, అందుకే తేలుతుంది. మట్టిలో ఊక లాంటివి కలిపి కాలిస్తే అవి కాలిపోయి లోపల గుల్లలు ఏర్పడతాయి. కింద రాతి గోడల మీద బరువు తగ్గించడానికి ఆ పని చేశారు. పునాది గొయ్యిలో ఇసుక నింపి, సున్నం, బెల్లం, కరక్కాయ లాంటివి కలిపి గట్టిపరిచారు. నేల కదిలినా, కుంగినా ఆ దెబ్బ గుడికి నేరుగా తగలకుండా ఇసుక కొంత ఓర్చుకుంటుంది. అలాగని ఏమీ కాలేదని కాదు. మంటపంలో నడిచి చూడండి, నేల కొన్నిచోట్ల ఎత్తుపల్లాలుగా ఉంటుంది. సౌమ్య గారూ, మీ అత్తగారి చేయి పట్టుకుని నడిపించండి.

గైడ్లు చెప్పే మాటల్లో నాకు అభ్యంతరం ఇంకోచోట ఉంది. "జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి అనే నాట్యగ్రంథం చదివి, అందులోని భంగిమలే రామప్పలో చెక్కారు" అని చాలామంది చెబుతారు. వినడానికి బాగుంటుంది. గుడి ఆవరణలోనే ఉన్న శాసనం ప్రకారం కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించింది శక సంవత్సరం 1135లో, అంటే క్రీ.శ. 1213. జాయప తన గ్రంథం రాసింది 1253 ప్రాంతంలో. గుడి ముందు, గ్రంథం నలభై ఏళ్ల తర్వాత. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళానికి అధిపతి) అయిన జాయప తన కళ్లెదుట ఉన్న నాట్యాన్ని చూసి రాశాడు, శిల్పులు కూడా అదే నాట్యాన్ని అంతకు ఒక తరం ముందే రాతిలో పట్టుకున్నారు. నన్నడిగితే ఇదే ఎక్కువ గొప్ప సంగతి. ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడు ఆ శిల్పాలనూ ఈ గ్రంథాన్నీ పక్కపక్కన పెట్టుకునే పని చేశారు.

"శిల్పి పేరుతో వెలసిన గుడి" అన్నది కూడా అంతే. శాసనంలో ఉన్నది కట్టించిన రుద్రుడి పేరు, దేవుడి పేరు రుద్రేశ్వరుడు. రామప్ప అన్నది జనం నోట నిలిచిన పేరు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు కూడా "కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం" అనే రాశారు. పిల్లలకి రెండూ చెప్పండి, ఏది శాసనం, ఏది ఊరి మాట అన్నది తేడా తెలిసేలా చెప్పండి.

డెవాప్స్_దిలీప్

మాస్టారూ, గ్రంథం తర్వాత వచ్చిందన్నది ఏ వీడియోలోనూ వినలేదు. సరే, గైడ్ వద్దన్న మాట వెనక్కి తీసుకోను గానీ, మీలాంటి గైడ్ అయితే నేనూ వస్తా.

ఓరుగల్లు_అన్న

నమస్తే. నేను గైడ్ పనిలోనే ఉన్నాను, హన్మకొండ మాది. అందరూ గైడ్లనే అంటున్నారు కాబట్టి మా వైపు మాట కూడా వినండి.

ప్యాకేజీ బస్సు వస్తే నలభై ఐదు మంది దిగుతారు. మేనేజర్ ముందే చెవిలో చెప్తాడు, "అన్నా, అరగంటలో కానియ్యి, లక్నవరం పోవాలె" అని. అరగంటలో నలభై ఐదు మందికి ఏం చెప్పగలం? అందరికీ వెంటనే ఎక్కేవే చెప్తాం. ఇటుక తేలుతుంది, జాలీలో సూది దూరుతుంది, నంది ఎటు నుంచి చూసినా మన దిక్కే చూస్తుంది. జనం "అబ్బా" అంటారు, ఫొటో దిగుతారు, అయిపోయింది. శాసనం దగ్గరికి తీసుకుపోతే పదిమంది కూడా వెనక రారు. మాస్టారు చెప్పిన 1213, 1253 లెక్క నాకూ తెలుసు సార్, వినేవాళ్లు దొరకడమే కష్టం.

అదే చిన్న ఫ్యామిలీ వచ్చి "రెండు గంటలు ఉంటాం" అంటే పని వేరే తీరుగా ఉంటుంది. ముందు బయట చుట్టూ తిప్పుతాను. గోడ కింది వరుసలో ఏనుగులు గుడి చుట్టూతా నడుస్తూ ఉంటాయి, పిల్లలు లెక్కపెడుతూ వస్తారు. తర్వాత నంది. దాని మెడలో గంటల పట్టెడ చూపించి, ఒక కాలు లేచి నిలబడబోతున్నట్టు ఎట్లా మడిచి ఉందో చూపిస్తాను. లోపల నడిమి నాలుగు స్తంభాల మధ్య కింద కూర్చోబెట్టి పైకప్పు చూడమంటాను. క్షీరసాగర మథనం, త్రిపురాసుర సంహారం అన్నీ వేళ్లంత బొమ్మలు. నిలబడి చూస్తే మెడ నొప్పి, కూర్చుంటే తీరిగ్గా కనబడతాయి. గర్భగుడి తలుపు పక్కన నాట్యగత్తెలు, వాద్యగాళ్లు వరుసగా ఉంటారు. అక్కడ ఫోన్ టార్చ్ పక్క నుంచి కొట్టాలి, ఎదురుగా కొడితే చెక్కడం చదునుగా కనబడుతుంది. పక్క వెలుతురులో నగల అంచులు కూడా లేస్తాయి.

పైసల సంగతి ముందే మాట్లాడుకోండి. మనిషికా, గ్రూపుకా, ఎంతసేపటికి అన్నది తేల్చుకోండి. సర్కారు ఇచ్చిన గైడ్ కార్డు ఉందా అని అడగండి, అడిగితే ఎవరూ బాధపడరు. షాపు దగ్గర ఆపితే డ్రైవర్‌కీ గైడ్‌కీ కమీషన్ ఉంటుంది, దాచేది ఏముంది. "మేం షాపింగ్ చేయం" అని పొద్దునే ఒక మాట చెప్పేస్తే ఆపరు.

నల్లకుంట_శారద

ఓరుగల్లు అన్నగారూ, మీరు చెప్పింది న్యాయంగా ఉంది. నా కోపం ఆ టూర్ కట్టినవాళ్ల మీదే అనుకోండి.

అమీర్‌పేట_లక్ష్మి

అందరూ శిల్పం, శాసనం, ఇటుక అంటున్నారు. దేవుడి ఊసే లేదు! అది గుడి అండీ, మ్యూజియం కాదు. పొద్దున్నే స్నానం చేసి వెళ్లి, అభిషేకం చేయించుకుని, ఒక ప్రదక్షిణ చేసి, కాసేపు కళ్లు మూసుకుని కూర్చోవాలి. గర్భగుడి గుమ్మంలో టార్చ్ కొట్టుకుంటూ నగల అంచులు చూడటం ఏమిటి? సౌమ్య గారి అత్తగారిని అడగండి, ఆవిడకి ఏం కావాలో.

చరిత్ర_మాస్టారు

లక్ష్మి గారూ, మీ మాటలో న్యాయం ఉంది. రామప్పలోనూ, వేయిస్తంభాల గుడిలోనూ ఇప్పటికీ పూజ నడుస్తోంది. దర్శనం చేసుకునేవాళ్లకి అడ్డం నిలబడి ఉపన్యాసాలు చెప్పకూడదు. నేనైతే ముందు దర్శనం, తర్వాత బయటికి వచ్చి శిల్పం అంటాను. కానీ ఎనిమిది వందల ఏళ్ల కిందట ఆ రాయి కొట్టినవాడు దాన్ని ఎవరూ చూడకూడదని కొట్టలేదు కదమ్మా. తల ఎత్తి చూడటం కూడా ఒక దండమే అనుకోండి.

అమీర్‌పేట_లక్ష్మి

ఆ మాట బాగుంది లెండి. టార్చ్ మాత్రం పూజారి గారిని అడిగి వేయండి.

ఓరుగల్లు_అన్న

అడగకుండా వేయం అమ్మా. గర్భగుడిలో ఫొటో కూడా తీయనివ్వం.

సౌమ్య_మల్కాజిగిరి

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. అత్తయ్యని అడిగాను. "నాకు భద్రకాళి దర్శనం అయితే చాలు, మిగతావి మీరు చూసుకోండి, నేను చెట్టు కింద కూర్చుంటాను" అన్నారు. వేయిస్తంభాల గుడిలో ఇంకా రిపేర్లు జరుగుతున్నాయా? చిన్నప్పుడు వెళ్లినప్పుడు ఒక మంటపం అంతా విప్పేసి రాళ్లు కుప్పపోసి ఉండేవి. ఇంకొకటి, పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గానీ పూర్తిగా కాదు. ఇంగ్లీషులో చెప్పే గైడ్ దొరుకుతారా?

రాతిపిచ్చి

మీరు చూసింది కల్యాణ మంటపం. పునాది దెబ్బతింటే రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, పునాది మళ్లీ వేసి నిలబెట్టారు. చాలా ఏళ్లు పట్టింది. 2024 మహాశివరాత్రికి తెరిచారు. ఇప్పుడు అసలు గుడి, మధ్యలో నంది, ఎదురుగా మంటపం, మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. అది త్రికూటాలయం, అంటే ఒకే రంగమంటపానికి మూడు వైపులా మూడు గర్భగుళ్లు: శివుడు, విష్ణువు, సూర్యుడు. స్తంభాలు వెయ్యి ఉండవు, పిల్లలు లెక్కపెట్టి గొడవ చేస్తారు, ముందే చెప్పేయండి.

చరిత్ర_మాస్టారు

అక్కడి శాసనం కూడా వదలొద్దు. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు వేయించింది, సంస్కృతంలో ఉంటుంది. అంతవరకు కల్యాణి చాళుక్యులకి సామంతులుగా ఉన్న కాకతీయులు ఇక మేమే రాజులం అని నిలబడిన రోజుల నాటిది. లిపి చదవలేకపోయినా ఫరవాలేదు, నల్లరాతి మీద అక్షరాలు ఎంత పదునుగా నిలిచాయో పిల్లలకి చూపించండి.

కోటలో చూడవలసింది తోరణాలు ఒక్కటే కాదు. నాలుగు కీర్తి తోరణాలు నాలుగు దిక్కులా నిలబడి ఉంటే, వాటి మధ్య ఉండవలసిన స్వయంభూ దేవాలయం ముక్కలు ముక్కలుగా నేల మీద పడి ఉంటుంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతికి చిక్కింది. నాకైతే రామప్ప కన్నా అక్కడే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది. విరిగిన స్తంభం అడ్డంగా పడి ఉంటే దాని లోపలి పని, అతుకు పెట్టిన గాడి అన్నీ కంటి ఎత్తులో కనిపిస్తాయి. నిలబడి ఉన్న గుడిలో అవి ఎప్పటికీ కనపడవు.

ఓరుగల్లు_అన్న

ఇంగ్లీషు గైడ్లు ఉన్నారు, ముందు రోజు ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. ఒక మాట చెప్పనా? మాలో చాలామందికి ఇంగ్లీషులో బట్టీ పట్టిన మాటలే వస్తాయి. మధ్యలో ప్రశ్న అడిగితే మళ్లీ మొదటి నుంచి చెప్తారు. మీరు తెలుగులోనే చెప్పించుకోండి, మీ ఆడపడుచు గారు పక్కన పిల్లలకి చెప్తారు. అప్పుడు గైడ్‌కి తెలిసింది అంతా బయటికి వస్తుంది.

నల్గొండ_నాగరాజు

వరంగల్ అంత దూరం, రాత్రి బస, ఇవన్నీ కుదరనివాళ్లకి మా పానగల్లు ఉంది. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు, నల్గొండ పక్కనే. కందూరు చోళులు కట్టించిన గుళ్లు. పచ్చల సోమేశ్వరం గోడల మీద శిల్పాలు చూడాలి, దాని పక్కన మ్యూజియం ఉంది. కొంచెం దూరంలో ఉదయసముద్రం చెరువు, పొలాల మధ్య ఛాయా సోమేశ్వరం. అదీ త్రికూటమే. అందులో ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ లాంటిది పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకి పోయినా నీడ మాత్రం పోదు.

డెవాప్స్_దిలీప్

అది ఎలా? ఏ స్తంభం నీడ అది?

నల్గొండ_నాగరాజు

అక్కడే ఉంది కిటుకు. ఏ ఒక్క స్తంభం నీడా కాదు. గర్భగుడిలోకి ఎండ సూటిగా పడదు. బయటి వెలుతురు మంటపం స్తంభాల సందుల్లోంచి రెండు పక్కల నుంచీ చెదిరి లోపలికి వస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు దీపాల ముందు నిలబడ్డ మనిషికి రెండు నీడలు పడి, ఒకదాని మీద ఒకటి కలిసిన చోట చిక్కగా ఉన్నట్టు, ఇక్కడ నాలుగు స్తంభాల నీడలు కలిసిన చోట నిలువు చార ఏర్పడుతుంది. సూర్యుడు ఎక్కడున్నా ఆకాశం వెలుతురు ఉన్నంతసేపూ అది ఉంటుంది. మబ్బు పడితే పలచబడుతుంది. మంటపంలో మీరు నడుస్తుంటే మీ నీడ మాత్రం గోడ మీద ఆ చార లాగా నిలవదు, చేసి చూడండి.

"దేవరహస్యం, సైంటిస్టులకే అంతుపట్టలేదు" అని కొందరు గైడ్లు చెప్తుంటారు. అంతుపట్టింది. అంతుపట్టాక కూడా, ఆ స్తంభాల మధ్య దూరం లెక్కగట్టినవాడి తెలివికి దండం పెట్టాలనే అనిపిస్తుంది.

రాతిపిచ్చి

నాగరాజు గారు సూర్యాపేట పక్కన పిల్లలమర్రి మర్చిపోయారు. విజయవాడ హైవే మీద వెళ్లేవాళ్లు కాస్త పక్కకి తిరిగితే చాలు. ఎరకేశ్వరాలయం 1208లో ఎరకసానమ్మ కట్టించింది. రేచర్ల వాళ్ల ఇంటి ఆడపడుచు కాదు, కోడలు. రామప్ప కట్టించిన రుద్రుడిదీ రేచర్ల వంశమే. రెండు గుళ్లకీ ఐదేళ్లే తేడా, రెండూ చూస్తే ఆ చేయి పోలిక తెలుస్తుంది. జనం ఉండరు.

కర్నూలు_కోడలు

కాకతీయులే కాదండీ, అలంపురం గురించి ఎవరూ చెప్పరేం? ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నా, కర్నూలు వెళ్లినప్పుడల్లా దారిలో ఆగుతాం. బెంగళూరు హైవే మీద 215 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది. తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మ ఆలయాలు. బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో మొదలుపెట్టారు, అంటే రామప్ప కన్నా ఐదు వందల ఏళ్లు పాతవి. పేర్లన్నీ బ్రహ్మవి, బాల బ్రహ్మ, స్వర్గ బ్రహ్మ, గరుడ బ్రహ్మ, ఇలా. లోపల ఉన్నది శివుడు. శిఖరాలు మన వైపు గుళ్లలా మెట్లు మెట్లుగా ఉండవు, ఒరిస్సా గుళ్లలా ఒంపుగా పైకి లేచి, తల మీద ఉసిరికాయ ఆకారంలో రాతి చక్రం ఉంటుంది. స్వర్గ బ్రహ్మ బయటి గోడ చుట్టూ తిరగడానికే అరగంట పడుతుంది.

పక్కనే జోగులాంబ, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. పాత గుడి పద్నాలుగో శతాబ్దంలో పోతే, అమ్మవారిని బాల బ్రహ్మ ఆలయంలో ఉంచారు. ఇప్పుడున్న గుడి 2005లో కట్టింది. లక్ష్మి గారికీ మాస్టారికీ ఇద్దరికీ సరిపోయే ఊరు అది.

మా మామయ్య గారు అలంపురం వెళ్తే సంగమేశ్వరం గుడి తప్పకుండా చూపిస్తారు. కూడవెల్లి దగ్గర, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. గైడ్లు చాలామంది దాని దాకా తీసుకెళ్లరు, అడిగి వెళ్లాలి.

పాతబస్తీ_పద్మ

పిల్లలు జెట్‌లాగ్‌తో ఉన్న మొదటి రెండు రోజులూ దూరాలు వద్దు. సిటీలోనే మంగళ్‌హాట్ సీతారాంబాగ్ గుడికి వెళ్లండి. 1832లో పూరణ్‌మల్ గనేరివాలా అనే మార్వాడీ సేఠ్ కట్టించారు. బయట కోటగోడలా ఉంటుంది, లోపల రాజస్థానీ వాలకం, దొరల బంగళా వాలకం రెండూ కలిసి ఉంటాయి. నిజాం కాలం హైదరాబాద్‌లో గుడి అంటే ఎలా ఉండేదో తెలుస్తుంది. గంటన్నరలో ఇంటికి వచ్చేయొచ్చు.

కూకట్‌పల్లి_కిరణ్

ఇన్నాళ్లూ హైదరాబాద్‌లో ఉండి సీతారాంబాగ్ పేరే వినలేదు. ఈ ఆదివారం వెళ్తా.

సౌమ్య_మల్కాజిగిరి

ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. బస్సు టూర్ వద్దనుకున్నాం. సెవెన్ సీటర్ కారు మాట్లాడి రెండు రోజులు వెళ్తున్నాం, రాత్రికి హన్మకొండలో ఉంటాం. మొదటి రోజు వేయిస్తంభాలు, భద్రకాళి, కోట. రెండో రోజు రామప్ప ఒక్కటే. బాబు మాత్రం లక్నవరం వేలాడే వంతెన కావాలని గొడవ చేస్తున్నాడు, చూడాలి.

రెండే ప్రశ్నలు. అత్తయ్యకి రామప్పలో మెట్లు ఎన్ని ఎక్కాలి? రాయి మీద చెప్పుల్లేకుండా నడవాలి కదా, కాళ్లు కాలవా?

రాతిపిచ్చి

గుడి ఎత్తు అరుగు మీద ఉంటుంది, దాదాపు ఆరడుగులు. మెట్లు తక్కువే గానీ ఒక్కొక్కటీ ఎత్తు ఎక్కువ. ఒకరు ముందు, ఒకరు వెనక ఉండి ఎక్కించండి. డిసెంబర్‌లో పదిన్నర దాకా రాయి చల్లగానే ఉంటుంది. మందపాటి సాక్సులు ఒక జత పెట్టుకోండి, మధ్యాహ్నం పనికొస్తాయి. పైకి ఎక్కలేకపోతే పచ్చిక మీద కూర్చున్నా మదనికలు కనిపిస్తాయి, బైనాక్యులర్ ఉంటే ఆవిడకే అందరికన్నా బాగా కనిపిస్తాయి.

ఓరుగల్లు_అన్న

డిసెంబర్ అంటే స్కూల్ పిక్నిక్ బస్సుల సీజన్. పదింటికల్లా పది బస్సులు దిగుతాయి, గుడిలో ఈల వేసినా వినబడదు. హన్మకొండలో ఆరున్నరకే బయలుదేరి ఎనిమిదికల్లా పాలంపేట చేరండి. టిఫిన్ కట్టించుకుని వెళ్లి, గుడి చూశాక రామప్ప చెరువు కట్ట మీద తినండి. చెరువు కూడా గుడి కట్టినప్పటిదే, ఇప్పటికీ పొలాలకి నీళ్లు పారుతున్నాయి.

బాబుకి లక్నవరం బదులు గణపురం కోటగుళ్లు చూపించండి, రామప్ప నుంచి పది కిలోమీటర్లు కూడా లేదు. ఒకే ప్రాకారంలో చిన్నా పెద్దా ఇరవైకి పైగా గుళ్లు, చాలావరకు శిథిలాలే. రాళ్ల మధ్య తిరగడానికి స్థలం ఉంటుంది, వేరే టూరిస్టులు ఉండరు. వంతెన ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి, ఇవి ఎవరి దగ్గరా ఉండవు అని చెప్పండి, ఒప్పుకుంటాడు.

ఈ ప్లాన్ చదివి తర్వాత వెళ్లేవాళ్లకి: రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర ఉంటుంది. ఆ రోజుల్లో ములుగు రోడ్డు మీదికి గుళ్లు చూడటానికి రావద్దు. జాతరకే రండి.

డెవాప్స్_దిలీప్

మాస్టారూ, నేను వచ్చే వారం పానగల్లు వెళ్తున్నా. ఆ చుట్టుపక్కల శాసనం ఏదైనా ఉందా, యూట్యూబ్‌లో లేనిది?

చరిత్ర_మాస్టారు

నకిరేకల్ దగ్గర చందుపట్ల వెళ్లండి. 1289 నాటి తెలుగు శాసనం. రాణి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం భూమి దానం చేశారని ఉంటుంది. ఆమె మరణం ఏ ఏడాదో మనకి తెలిసింది ఆ రాయి వల్లే. అక్కడ గైడ్ ఉండడు, ఊళ్లో దిగి అడగాలి.

నల్గొండ_నాగరాజు

దిలీప్ గారూ, వచ్చే ముందు ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి. ఛాయా సోమేశ్వరానికి పొద్దున పూట వెళ్దాం, మబ్బు లేని రోజు చూసుకుని.